పటం దొరికింది, ఫ్రేము దొరకలేదు

దొంగను నాయకుణ్ణి చేసిన సినిమాలు మనకు కొత్త కాదు. వున్నవాణ్ణి కొట్టి లేనివాడికి పంచే దొంగ తెలుగు తెరమీద ఎన్నిసార్లు కనిపించాడో లెక్క లేదు. చివరి రీలులో అతని చేతులకు బేడీలు పడతాయి, లేదా అతను మారువేషంలో వున్న పోలీసు అధికారి అని తేలుతుంది. ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి పోతాడు. రోజర్ మిషెల్ దర్శకత్వం వహించిన ‘ది డ్యూక్’ అనే ఇంగ్లీషు సినిమాను కూడా ఈ కోవలోనే వేసి, ఓ ముచ్చటైన ముసలాయన కథ అని మెచ్చుకొని వదిలేయడం చాలా తేలిక. 2020 సెప్టెంబరులో వెనిస్ చలనచిత్రోత్సవంలో మొదట చూపించిన ఈ సినిమా 2022లో బ్రిటన్ థియేటర్లకు వచ్చింది. ఈ మధ్యలోనే, 2021లో, దర్శకుడు మరణించాడు. జిమ్ బ్రాడ్‌బెంట్, హెలెన్ మిరెన్ ఇందులో భార్యాభర్తలుగా నటించారు. నటన గురించి చెప్పుకోవలసింది చాలా వుంది కాని ఇక్కడ నా పని అది కాదు. ఇది కల్పిత కథ కాదు; 1961లో లండన్‌లో జరిగిన దొంగతనం. ఆ చరిత్రను సినిమా పక్కన పెట్టి చూసినప్పుడు, రచయితలు ఏది వుంచుకున్నారు, ఏది తీసేశారు, తీసేసినందువల్ల ఎవరికి మేలు జరిగింది అన్న ప్రశ్నలు పుడతాయి. నేను మాట్లాడదలచుకున్నది వాటి గురించి.

ముందు పటం సంగతి. స్పెయిన్ చిత్రకారుడు గోయా వెల్లింగ్టన్ డ్యూకు బొమ్మను 1812లో మొదలుపెట్టి 1814 దాకా దిద్దాడు. కొయ్యపలక మీద తైలవర్ణాలతో వేసిన చిన్న పటం అది. ఎత్తు 64 సెంటీమీటర్లు, వెడల్పు 52 సెంటీమీటర్లు. చంకలో పెట్టుకొని పోవచ్చు. దీన్ని 1961లో లీడ్స్ డ్యూకు వేలానికి పెడితే, చార్లెస్ రైట్స్‌మన్ అనే అమెరికన్ చమురు ధనికుడు 1,40,000 పౌన్లకు పాడుకున్నాడు. నెపోలియన్‌ను ఓడించిన వీరుడి బొమ్మ సముద్రం దాటిపోతున్నదని ఇంగ్లండులో గగ్గోలు పుట్టింది. రైట్స్‌మన్ తాను కొన్న ధరకే నేషనల్ గ్యాలరీకి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. వుల్ఫ్‌సన్ ఫౌండేషన్ అనే ధార్మిక సంస్థ లక్ష పౌన్లు ఇచ్చింది. మిగిలిన 40,000 పౌన్లు ప్రభుత్వ ఖజానా ప్రత్యేక గ్రాంటుగా ఇచ్చింది. ఆగస్టు 2న పటాన్ని జనం చూడటానికి పెట్టారు. ఆగస్టు 21 తెల్లవారుజామున అది మాయమైంది.

ఈ తేదీ కూడా కొంత చిత్రమైనదే. సరిగ్గా యాభై ఏళ్ల క్రితం, 1911 ఆగస్టు 21న, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి ‘మోనాలిసా’ను విన్సెంజో పెరూజియా అనే ఇటలీ కూలివాడు కోటు కింద దాచి ఎత్తుకుపోయాడు. మా దేశం సొత్తును మా దేశానికి తెచ్చానని అతని వాదన. గొప్ప పటాలను గొప్ప ముఠాలే దొంగిలిస్తాయనుకునే పోలీసు బుర్రకు అప్పుడూ ఇప్పుడూ తట్టనిది ఒక్కటే - దొంగ సామాన్యుడు కావచ్చునని.

ఇక మన సామాన్యుడు. కెంప్టన్ బంటన్ 1904లో పుట్టాడు. ఇంగ్లండు ఉత్తరాన, బొగ్గుకూ ఓడల తయారీకీ పేరుపడ్డ న్యూకాసిల్‌లో కాపురం. బస్సు డ్రైవరుగా పనిచేసినవాడు. నాటకాలు రాసేవాడు, వాటిని ఆడినవాళ్లు లేరు. అతనికి ప్రభుత్వంతో ఒకే ఒక తగాదా - టెలివిజన్ లైసెన్సు. ఆ దేశంలో ఇంట్లో టెలివిజన్ సెట్టు వుంటే ఏటేటా లైసెన్సు కట్టాలి. ఆ డబ్బుతో బి.బి.సి. నడుస్తుంది. 1955 నుంచి ప్రకటనల మీద నడిచే ఐ.టి.వి. కూడా వచ్చింది గాని, అది చూసేవాడైనా లైసెన్సు కట్టవలసిందే. బంటన్ తన సెట్టులోంచి బి.బి.సి.ని అందుకునే కాయిలు పీకేసి, నేను బి.బి.సి. చూడటం లేదు కాబట్టి కట్టను అన్నాడు. ముసలివాళ్లకూ పేదలకూ ఉచితంగా ఇవ్వాలని కూడా అన్నాడు. జుల్మానా వేశారు. అదీ కట్టలేదు. జైల్లో పెట్టారు.

మన పాఠకులకు ఇది అంత వింతగా తోచనక్కరలేదు. 1980ల దాకా మన దేశంలోనూ రేడియోకు లైసెన్సు వుండేది. పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకొని వచ్చేవారు మా తండ్రుల తరం. పంచాయతీ ఆఫీసు అరుగుమీద రేడియో చుట్టూ ఊరంతా మూగిన కాలం అది. వార్త వినడానికి, పాట వినడానికి కూడా సర్కారు అనుమతి చీటీ కావాలన్న సంగతి అప్పుడు ఎవరికీ విడ్డూరంగా అనిపించలేదు.

1961లో ఇంగ్లండులో ఆ లైసెన్సు వెల ఏడాదికి నాలుగు పౌన్లు. ఒంటరి వృద్ధుడికి ప్రభుత్వం ఇచ్చే పింఛను వారానికి మూడు పౌన్లు కూడా నిండదు. అంటే వారం పైచిలుకు తిండి మానుకుంటే ఆ ముసలివాడికి ఏడాది పొడుగునా నాలుగు గోడల మధ్య ఒక మనిషి గొంతు వినిపిస్తుంది. ఇంకో లెక్క కూడా వేయవచ్చు. పటం కోసం ఖజానా తీసి ఇచ్చిన నలభైవేలతో పదివేలమందికి ఏడాది లైసెన్సు వచ్చేది. మొత్తం వెలతో ముప్పైఅయిదువేల మందికి వచ్చేది. దీన్ని పట్టుకొని కళ వద్దు, కూడు చాలు అనే మోటువాదన చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఖజానాలో డబ్బు లేదన్న మాట ఎప్పుడు చెబుతారు, ఎవరికి చెబుతారు అన్నదే నేను చూపదలచిన విషయం. డ్యూకు బొమ్మ అనేసరికి కొద్ది వారాల్లోనే డబ్బు పుట్టింది.

పటం పోయిన కొన్నాళ్లకు ఉత్తరాలు మొదలైనాయి. 1,40,000 పౌన్లు ధర్మకార్యానికి జమచేయండి, పేదలకు టెలివిజన్ లైసెన్సులు కొనిపెట్టండి, నన్ను శిక్షించకండి, పటం తిరిగి ఇస్తాను - సారాంశం ఇది. తనకోసం ఒక్క పౌను అడగలేదు. పోలీసులు నమ్మలేదు. అయిదువేల పౌన్ల బహుమానం ప్రకటించారు. ప్రభుత్వం ఒక్క మెట్టు దిగలేదు. ఒక ఏడు గడిచింది, రెండేళ్లు, మూడేళ్లు గడిచినాయి. చివరికి 1965లో ‘డైలీ మిర్రర్’ పత్రికకు పంపిన సూచనతో బర్మింగ్‌హాం రైల్వేస్టేషనులో సామాన్లు దాచుకునే గదిలో పటం దొరికింది. ఫ్రేము లేదు. జూలైలో బంటన్ తనంతట తానే పోలీసుల దగ్గరికి పోయి లొంగిపోయాడు.

సినిమాలో ఈ నాలుగేళ్లు లేవు. కొన్ని నెలల్లో అంతా ముగుస్తుంది. రైల్వేస్టేషను కూడా లేదు. బంటన్ పటాన్ని పట్టుకొని నేరుగా గ్యాలరీలోకి నడిచిపోయి అప్పగిస్తాడు. రెండు గంటల సినిమాలో నాలుగేళ్లు చూపడం కష్టమని నాకు తెలుసు. కాని చరిత్రలో బరువంతా ఆ నాలుగేళ్లలోనే వుందని నా అభిప్రాయం. ఒక పనివాడు దేశం మొత్తం వెతుకుతున్న పటాన్ని ఇంట్లో పెట్టుకొని, ఉత్తరం వెనక ఉత్తరం రాసి, జవాబు కోసం నాలుగేళ్లు ఎదురుచూశాడు. కంచెర్ల గోపన్న సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించి తానీషా చెరలో పడితే, రామోజీ లక్ష్మోజీల వేషంలో రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చి విడిపించారని మనవాళ్లు కథ చెప్పుకున్నారు. బంటన్‌కు బాకీ తీర్చే రాముడు రాలేదు. కాలాన్ని కుదించడంతో సినిమాలో ఆ నిరీక్షణ పోయింది, దానితోపాటు ప్రభుత్వపు మొండితనమూ పోయింది. మిగిలినది ముసలాయన చాదస్తం.

రచయితలు రిచర్డ్ బీన్, క్లైవ్ కోల్‌మన్ ఇంకొక పని కూడా చేశారు. సైకిలు ప్రమాదంలో పోయిన కూతురి దుఃఖాన్ని బంటన్ గుండెలో పెట్టి, అతని ఆవేశాలన్నిటికీ దాన్నే మూలంగా చూపించారు. తండ్రి దుఃఖాన్ని నేను తక్కువ చేయను. ఆ దృశ్యాల్లో కళ్లు చెమరుస్తాయి. అయితే ఒక పేదవాడికి ప్రభుత్వం మీద కోపం రావడానికి ఇంట్లో చావు జరిగి తీరాలా? లైసెన్సు కట్టనందుకు జైలుకు పోవడం చాలదా? మన కథల్లోనూ ఈ జాడ్యం వుంది. కూలివాడు తిరగబడాలంటే వాడి చెల్లెలికి ఏదో కావాలి, తల్లికి ఏదో కావాలి. కూలి తక్కువ ఇచ్చారన్న ఒక్క కారణంతో తిరగబడే కూలివాణ్ణి నమ్మడానికి రచయితలే జంకుతారు.

ఇక్కడ బంటన్ పక్షాన నిలబడేవాళ్లు తప్పించుకోలేని చిక్కు ఒకటి వుంది. అతను దొంగిలించినది డ్యూకు ఇంట్లోంచి కాదు. నేషనల్ గ్యాలరీ 1824లో పుట్టింది. ఆంగర్‌స్టైన్ అనే షావుకారు పోగుచేసిన 38 పటాలను పార్లమెంటు 57,000 పౌన్లకు కొని ప్రజలపరం చేసింది. తర్వాత ట్రఫాల్గర్ స్క్వేరులో భవనం కట్టినప్పుడు, పడమటి ధనికులు బండ్లమీద, తూర్పు పేటల పేదలు కాలినడకన రావడానికి వీలైన చోటు అన్న వాదన కూడా నడిచింది. లోపలికి పోవడానికి టిక్కెట్టు లేదు. అంటే గోయా పటం రైట్స్‌మన్ చేతినుంచి గ్యాలరీకి వచ్చిన క్షణం నుంచి అది ఏ ధనికుడి సొత్తూ కాదు. బంటన్ సొత్తు, అతని వీధిలోవాళ్ల సొత్తు. ప్రజల సొత్తును ప్రజల దగ్గరనుంచి ప్రజలకోసం ఎత్తుకుపోవడం ఏం న్యాయం?

ఈ ప్రశ్నకు నా దగ్గర వున్న జవాబు పూర్తి జవాబు కాదు. న్యూకాసిల్ నుంచి లండన్‌కు సుమారు 450 కిలోమీటర్లు. తలుపు దగ్గర టిక్కెట్టు లేకపోయినా రైలుకు టిక్కెట్టు వుంది. నాలుగు పౌన్లు కట్టలేనివాడికి ఉచిత ప్రవేశం ఎంత దగ్గర? ఆ ముసలివాడి ఇంటికి వచ్చే కళ ఏదైనా వుంటే అది టెలివిజన్ పెట్టెలోంచే రావాలి, దానికి మాత్రం వెల పెట్టారు. ఉచితమైన చోటికి అతను పోలేడు, పోనక్కరలేని చోట డబ్బు అడుగుతారు. బంటన్ ఈ మాటను ఇలా పేర్చి చెప్పాడో లేదో గాని, అతని చర్యలో ఈ తర్కం వుంది. దానికి పక్కనే లోపమూ వుంది. అతను అడిగింది ధర్మనిధి. పెన్షనర్లను కూడగట్టి హక్కుగా అడగడం ఒకటి, పటాన్ని తాకట్టుపెట్టి దానం చేయమనడం ఒకటి. రెండోదాంట్లో సాహసం వుంది, వెనక జనం లేరు. జనం లేని సాహసాన్ని పాలకులు నాలుగేళ్లు కాదు, నలభై ఏళ్లయినా ఉపేక్షించగలరు.

ఇంతకూ ఈ డ్యూకు ఎవరు? మన పుస్తకాల్లో వాటర్లూ వీరుడిగా చదువుకున్నాం. అతను మనకు అంతకంటె దగ్గరివాడు. 1799లో టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నానికి కంపెనీ సేనలు నడిచినప్పుడు, హైదరాబాదు నిజాం పంపిన సేనతో వెళ్లిన ఆర్థర్ వెల్లెస్లీయే ఇతను. అప్పటి గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ ఇతని అన్న. మే 4న కోట పడింది, టిప్పు మరణించాడు, పట్నం దోపిడీ అయింది. కొల్లసొమ్మును హోదానుబట్టి పంచుకున్నారు. తెల్ల సిపాయిని కరుస్తున్న టిప్పు కొయ్యపులి లండన్ చేరి ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వుంది. టిప్పుతో జరిగిన యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన సీమను నిజాం 1800లో, కంపెనీ సైన్యాన్ని తన దగ్గర వుంచుకున్నందుకు ఖర్చుకింద, ఆ కంపెనీకే రాసి ఇచ్చాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొన్ని తాలూకాలు. వాటికి దత్తమండలాలు అని పేరు. 1928లో నంద్యాలలో రాయలసీమ అని మార్చుకునేదాకా అక్కడి జనం ఆ ‘ఇచ్చేసిన’ అన్న పేరుతోనే బతికారు. ఎవరి భూమిని ఎవరు ఎవరికి ఇచ్చారు? అక్కడి రైతును ఎవరైనా అడిగారా? బంటన్ కోర్టులో నేను దొంగిలించలేదు, అప్పు తీసుకున్నాను అంటే ఇంగ్లండు నవ్వుకుంది. పొందినవాళ్లు దానికి ‘దత్తం’ అని పేరు పెట్టినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

గోయా ఈ సేనానిని ఎలా చూశాడో పటంలో కనిపిస్తుంది. రొమ్ముమీద పతకాలు మెరుస్తుంటాయి. కొత్త బిరుదులు వచ్చినకొద్దీ వాటిని తర్వాత చేర్చాడు. ముఖం మాత్రం నిద్రలేని మనిషి ముఖం. కళ్లు పెద్దవి, పెదవులు కొంచెం విడి వున్నాయి. ఇదే కాలంలో గోయా యుద్ధంలో సామాన్యులు పడ్డ బీభత్సాన్ని వరసగా రాగిరేకుల మీద చెక్కుతున్నాడు. అవి అతను పోయిన ముప్పైఅయిదేళ్లకు, 1863లో గాని అచ్చు కాలేదు. దొరకు దొర అడిగిన బొమ్మ ఇచ్చి, నిజం తన దగ్గర దాచుకున్న చిత్రకారుడు. ఈ దొరే 1830ల్లో ఓటుహక్కు విస్తరణను ఎదిరిస్తే లండన్ జనం అతని ఇంటి కిటికీలు పగలగొట్టారు. అతను ఇనప తలుపులు బిగించుకున్నాడు.

1965 నవంబరులో ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ జరిగింది. బంటన్ తరఫున జెరెమీ హచిన్‌సన్ వాదించాడు. డి.హెచ్. లారెన్సు నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’ కేసులో 1960లో ప్రచురణకర్తల పక్షాన నిలబడ్డ బారిస్టర్లలో ఆయన ఒకడు. ఆనాటి చట్టం ప్రకారం దొంగతనం రుజువు కావాలంటే వస్తువును సొంతదారుకు శాశ్వతంగా దక్కకుండా చేయాలన్న ఉద్దేశం వుండాలి. ఈ ముసలాయన తిరిగి ఇస్తానని మొదటినుంచీ రాస్తూనే వున్నాడు, ఇచ్చాడు కూడా. కాబట్టి పటం విషయంలో అది దొంగతనం కాదు. డబ్బుకోసం బెదిరించాడన్న నేరాలూ నిలవలేదు. తిరిగిరానిది ఒక్కటే - ఫ్రేము. జ్యూరీ అతణ్ణి ఫ్రేము దొంగగా తేల్చింది. మూడు నెలల జైలు. ఫ్రేము ఇప్పటికీ దొరకలేదు.

ఇది నవ్వు పుట్టించే తీర్పే. సినిమా హాలంతా నవ్వుతుంది, నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక ఏమైందో చూడాలి. మూడేళ్లు తిరక్కుండా 1968లో కొత్త దొంగతనాల చట్టం వచ్చింది. అందులో 11వ సెక్షను ప్రత్యేకంగా ఈ కంతను పూడ్చడానికే పెట్టారు: జనం చూడటానికి తెరిచిన చోటునుంచి వస్తువును అనుమతి లేకుండా తీసుకుపోవడమే నేరం, తిరిగి ఇచ్చే ఉద్దేశం వున్నా సరే, అయిదేళ్లదాకా శిక్ష. మరి రెండో కంత? లైసెన్సు కట్టలేని ముసలివాళ్ల సంగతి? డెబ్భైఅయిదేళ్లు నిండినవాళ్లకు ఉచిత లైసెన్సు 2000 సంవత్సరంలో వచ్చింది. బంటన్ 1976లోనే పోయాడు. ఆ సౌకర్యం కూడా నిలవలేదు. 2020 ఆగస్టునుంచి, ప్రత్యేక పేదరిక పింఛను పొందే ఇళ్లకు తప్ప మిగిలిన వృద్ధులకు దాన్ని తీసేశారు. సరిగ్గా మరుసటి నెలలోనే వెనిస్‌లో ఈ సినిమాకు చప్పట్లు మోగాయి.

దొంగ ఎవరన్న సంగతి ఇంకా మిగిలివుంది. యాభైఏడేళ్ల స్థూలకాయుడు నిచ్చెన వేసుకొని గ్యాలరీ మరుగుదొడ్డి కిటికీలోంచి దూరాడంటే కోర్టులో ఎవరూ గట్టిగా అడగలేదు. 1969లో అతని కొడుకు జాన్ వేరే కేసులో పట్టుబడి, పటం తీసింది నేనే అని పోలీసులకు చెప్పాడు. తండ్రి శిక్ష అనుభవించిన తర్వాత కొడుకుమీద కేసు నడిపితే నవ్వులపాలు కావడం తప్ప ప్రయోజనం లేదనుకున్నారు కాబోలు, ప్రాసిక్యూషన్ల డైరెక్టరు వద్దన్నాడు. ఆ దస్తరం 2012లో గాని బయటికి రాలేదు. సినిమా ఈ రహస్యాన్ని చివరిదాకా దాచి బయటపెడుతుంది, బాగా చేసింది. కొడుకు తెచ్చిన పటానికి తండ్రి ఒక ఆశయాన్ని తగిలించాడన్నమాట. మంచి ఉద్దేశం దొంగతనానికి ముందు పుట్టిందా, వెనక పుట్టిందా అని కొందరు మిత్రులు గుచ్చి అడుగుతారు. లైసెన్సు కోసం అతను జైలుకు పోయింది పటం పోకముందే. అది చాలు నాకు.

సినిమాలో నాకు అన్నిటికంటె నచ్చింది బంటన్ కాదు, అతని భార్య డొరొతీ. మొగుడు సమసమాజం గురించి ఉపన్యాసాలు ఇస్తుంటే, ఆమె పొరుగువాళ్ల ఇంట్లో నేల తుడిచి నాలుగు డబ్బులు తెస్తుంది. బట్టల బీరువా వెనక దాచిన పటం కంటపడినప్పుడు ఆమెకు మొదట వచ్చేది కోపం. ఊళ్లో పరువేం కావాలి, పని పోతే పొయ్యిలోకి ఏం రావాలి అన్న కోపం. మన కార్యకర్తల ఇళ్లలో ఈ డొరొతీలు ఎంతమంది లేరు! సభలకు ఆయన పోతే అప్పులవాళ్లకు జవాబు చెప్పినది ఆమె. వాళ్లమీద మనం కథలు తక్కువే రాశాం. హెలెన్ మిరెన్ ఆ పాత్రను గయ్యాళిగా పోనివ్వలేదు. రెక్కల కష్టంమీద ఇల్లు నిలబెట్టిన మనిషికి వుండే అధికారం ఆ గొంతులో వుంది.

చివర్లో ఆ దంపతులు సినిమాహాల్లో కూర్చుని జేమ్స్‌బాండ్ చిత్రం ‘డాక్టర్ నో’ చూస్తారు. 1962లో వచ్చిన ఆ చిత్రంలో, సముద్రం అడుగున విలన్ కట్టుకున్న మేడలో గోయా పటం నకలు ఒకటి పెట్టారు. బాండు మెట్లెక్కుతూ ఆగి దానివంక చూస్తాడు. దేశంలో గొప్ప పటం పోతే అది ఏ కోటీశ్వరుడైన దుర్మార్గుడి గోడమీదో వుంటుందని ఆ సినిమా తీసినవాళ్లు అనుకున్నారు. లండన్ జనమూ అదే అనుకొని నవ్వుకున్నారు. ఆ రోజుల్లో అసలు పటం న్యూకాసిల్‌లో ఒక అద్దె ఇంట్లో, బట్టల బీరువా వెనక, జవాబు రాని ఉత్తరాల పక్కన వుంది.